ఊరంతా పోసిన చేదునీళ్లు

ధనిష్ఠ కార్తె

గాలి ఈశాన్యం, మెల్లగా ఉంది. పొగమంచు పట్టే వలల్లో దిగిన నీళ్లు ఇంటికి నాలుగు బిందెలు పంచారు. మా తెప్ప కింద పీపాలన్నీ బాగున్నాయి, మూలదానికి మాత్రం గుల్లలు పట్టాయి.

తెప్ప చిట్టాలో రాయాల్సింది ఇంతే. గాలి, నీళ్లు, పీపాలు. తెప్పలూరులో ప్రతి ఇంటికీ ఒక చిట్టా ఉంటుంది, ఎవరికి తీరికుంటే వాళ్లు రాస్తారు. మా ఇంట్లో నేనే రాస్తాను. మా ఆయన ఎల్లాజికి వదిలేస్తే ప్రతిరోజూ "అంతా బాగుంది" అని రాసి పెన్ను మూసేస్తాడు. పడవ మునిగిపోతున్నా ఆయనకు అంతా బాగానే ఉంటుంది.

ఈసారి అంతా బాగాలేదు, అందుకని నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తున్నాను.

నా పేరు కాసులమ్మ. తెప్పల కిందకు మునిగి, ఇళ్లను తేల్చే పీపాలకు పట్టిన గుల్లలూ నాచూ గీకడం నా పని. గీకకపోతే బరువెక్కి ఇల్లు ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకని నేనంటే ఊళ్లో అందరికీ కాస్త భయం, కాస్త ప్రేమ. అరవైకి దగ్గరపడ్డా నాకంటే ఎక్కువసేపు ఊపిరి బిగబట్టే మనిషి ఈ చుట్టుపక్కల నీళ్లలో లేదు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

ఎండాకాలం సముద్రం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఆస్పత్రి ఓడ వచ్చి మా ఊరి పక్కన లంగరేసింది, వానలు పడేదాకా ఇక్కడే ఉంటుంది. కుడి డొక్కలో నొప్పిగా ఉందని మా ఆయన పోరుపెడితే వెళ్లాను. అద్దాల గదిలో పడుకోబెట్టి లోపలి బొమ్మ తీశారు. డాక్టర్ రెహనా అని, మా అమ్మాయి ఉంటే ఆ వయసు ఉండేది, ఆమె నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. కాలేయంలో క్యాన్సర్. రెండు కణితులున్నాయి. పెద్దది రక్తం మోసే పెద్ద నాళాన్ని చుట్టేసుకుంది. చిన్నది కాలేయం అవతలి చివర ఉంది.

గుల్లలు గీకినట్టు గీకెయ్యలేరా అని అడిగాను.

"గీకితే పీపాకి చిల్లు పడుతుందని తెలిస్తే మీరు గీకుతారా, కాసులమ్మ గారూ?" అంది.

గీకను.

అప్పుడు చేయబోయేది చెప్పింది. మన ఒంట్లో కాపలా తిరిగే కణాలుంటాయట. కణితి మన ఒంట్లో పుట్టిందే కాబట్టి అవి దాన్ని మనదే అనుకుని వదిలేస్తాయట. పైగా వాటి చేతులు కట్టేసే విద్య కూడా దానికి వచ్చట. పెద్దదాని మీద కిరణాలు కొడితే అది చితికి, దాని ముక్కలు బయటపడతాయి. ఆ ముక్కల్ని చూసి కాపలా కణాలు దొంగను ఆనవాలు పడతాయి. అదే సమయానికి నరంలోకి ఎక్కించే మందు వాటి చేతుల కట్లు విప్పుతుంది. చిన్నదాని మీద కూడా కిరణాలు కొట్టరాదా అన్నాను. ఎప్పటివో కామెర్లు నా కాలేయాన్ని సగం పాడుచేశాయి, మిగిలిన మంచి భాగం బతకడానికి కావాలి, అందుకని కొట్టరు. పెద్దదాని దగ్గర ఆనవాలు పట్టిన కాపలా చిన్నదాన్ని వెతుక్కుంటూ పోవాలి. పోతుందని మాట ఇవ్వలేనని, కొందరిలో పోతుంది కొందరిలో పోదని ఉన్నదున్నట్టు చెప్పింది. మందు మాత్రం మధ్యలో ఆగకూడదు. ఆగితే చిన్నదాన్ని పట్టించుకునే దిక్కు ఉండదు.

నాకు భయం వేసింది. చిట్టాలో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను, చాలా భయం వేసింది. ఓడ దిగేటప్పుడు నిచ్చెన మెట్టు తప్పాను, మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇవాళ చిట్టాలో ఏం రాయమంటావని అడిగితే అంతా బాగుందని రాయమన్నాడు, మహానుభావుడు.

శతభిషం కార్తె

గాలి తూర్పు. నీళ్లు నాలుగు బిందెలే. పీపాలు చూడలేదు, మునగొద్దన్నారు.

కబురు ఊరంతా పాకింది. పొద్దున్నుంచి వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. మా ఊళ్లో జబ్బుమనిషిని చూడ్డానికి ఎవరూ ఒట్టి చేతులతో రారు. పళ్లు తేవడానికి ఇక్కడ తోటల్లేవు, చేపలు ఎవరికైనా ఉన్నవే. కరువల్లా మంచినీళ్లకే. అందుకని తమ వాటా నీళ్లలోంచి ఇంత తీసి, అందులో కుండీలో పెంచిన ఆకో వేరో వేసి, సగానికి సగం మరిగించి గ్లాసుతో తెస్తారు. దాన్ని చేదు అంటాం. తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని, తాగేదాకా కదలదు. వద్దనడం అంటే మొహం మీద ఉమ్మినంత పని. ఇక పారబోయడమంటారా, మంచినీళ్లు సముద్రంలో పోసిన మనిషితో ఈ ఊళ్లో మాట్లాడేవాళ్లు ఉండరు.

అందరికంటే ముందు వచ్చింది అప్పయమ్మ వదిన. ఆవిడ మా ఆయనకు అక్క, ఎదురు తెప్పలో ఒక్కతే ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచీ మా ఇద్దరికీ పడదు. రోజుకు ఒకసారైనా కీచులాడుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు. వలతాళ్ల మీద పాకించిన తిప్పతీగను దంచి, బాగా చిక్కగా కాచి తెచ్చింది. నేను మొహం వికారంగా పెడితే "సిన్నపిల్లవేటే, మింగీసీ" అని కసిరింది. మింగేశాను. ఆవిడ కొంగుతో నా మూతి తుడిచింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ తుడవలేదు.

పూర్వాభాద్ర కార్తె

గాలి లేదు. సముద్రం అద్దంలా ఉంది. నీళ్లు నాలుగు బిందెలు.

కిరణాలు మొదలయ్యాయి. మొదటిరోజే గొడవ జరిగింది.

ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా కాలేయం కిందకీ పైకీ జరుగుతుందట. కిరణం గురి తప్పకూడదు కాబట్టి ఊపిరి పీల్చి ఆపుకోమంటారు, ఆపినప్పుడే కిరణం వస్తుంది. అంతకుముందు కొలతలు తీసిన రోజున నేను భయంతో పిట్టలా ఊపిరి తీసుకున్నాను. ఇవాళ ధైర్యం తెచ్చుకుని వెళ్లాను. యంత్రం నడిపే ఆమె పక్క గదిలోంచి ఊపిరి తీసుకోండి, ఆపండి అంది. నేను మా పనిలో పీల్చినట్టు నిండా పీల్చి బిగబట్టాను. యంత్రం పలకలేదు. మళ్లీ పీల్చమంది. ఇంకా ఎక్కువ పీల్చాను. యంత్రం అసలే పలకలేదు.

కాలేయం కొలిచిన చోటులో లేదని, ఇంకెక్కడికో దిగిపోయిందని, కాస్త చిన్నగా పీల్చమని ఆమె బతిమాలింది. నాకు ఒళ్లు మండింది. ఊపిరి చిన్నగా పీల్చమని నాకు చెప్పిన మనిషి ఇంతవరకు పుట్టలేదన్నాను. కావాలంటే మీ యంత్రాన్ని మార్చుకోండి, నా ఊపిరి మారదన్నాను. గొంతులు పెరిగేసరికి డాక్టర్ రెహనా వచ్చింది. ఎంతసేపు ఆపగలరని అడిగింది. మీరు భోంచేసి వచ్చేదాకా అన్నాను. నిజం కాదనుకోండి, కానీ పెద్ద అబద్ధం కూడా కాదు.

ఆమె నవ్వి, నా మునక ఊపిరితోనే మళ్లీ కొలతలు తీయించింది. అంతసేపు కాలేయం కదలకుండా ఉండటం ఆ గదిలో ఎవరూ చూడలేదట. మిగతావాళ్లకు ఆగి ఆగి చేసేది నాకు రెండుసార్లు ఊపిరి బిగబడితే అయిపోయింది. యంత్రం నడిపే ఆమె నన్ను చూడ్డానికి ఇంకో ఇద్దర్ని పిలిచింది. కిరణం తగిలినట్టు కూడా తెలియదు. నేను మాత్రం పడుకున్నంతసేపూ ఆ కణితిని లోపల్లోపల తిడుతూనే ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఆరు గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తాగుతూ, కిరణాల గదిలో నేను ఎలా గెలిచానో అందరికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఊపిరి కాస్త పొడుగైంది.

ఉత్తరాభాద్ర కార్తె

గాలి దక్షిణానికి తిరిగింది. వలల్లో మంచు తగ్గింది.

కిరణాలు అయిపోయాయి. మందు రెండుసార్లు ఎక్కించారు, ఇంకా చాలాసార్లు ఉంది. పడుకోబెట్టి నరంలోకి చుక్కచుక్కగా ఎక్కిస్తారు, ఓడ కిటికీలోంచి మా తెప్పలన్నీ కనిపిస్తాయి. ఎవరింట్లో ఎవరు ఎవర్ని తిడుతున్నారో చూసుకుంటూ పడుకుంటాను, కాలక్షేపానికి కొదవలేదు.

ఒళ్లంతా ఒకటే దురద. కాపలా కణాలు మేలుకున్నప్పుడు కొందరికి అలా ఉంటుందని చెప్పారు. వీపు గోకమంటే మా ఆయన నేను గుల్లలు గీకే చిప్ప తెచ్చాడు. నవ్వలేక చచ్చాను. ఒకరోజు జ్వరం కూడా తగిలింది. వదిన రాత్రంతా కూర్చుందట, తెల్లారాక చెప్పారు. అడిగితే తన తెప్పలో దోమలున్నాయని వచ్చానంది. సముద్రం మధ్యలో దోమలేమిటని నేను, ఉంటాయని ఆవిడ, కాసేపు సరదాగా పోట్లాడుకున్నాం.

రేవతి కార్తె

నీళ్లు ఇంటికి మూడు బిందెలకు తగ్గించారు. మిగతా వివరాలు రాయబుద్ధి కావడం లేదు.

రక్తపరీక్ష బాగాలేదు. నా కళ్లు పచ్చబడటం మా ఆయన వారం నుంచి చూస్తున్నాడట, అంతా బాగుందని ఊరుకున్నాడు. కాలేయం ఎంత దెబ్బతింటోందో చెప్పే అంకెలు ఉంటాయి, అవి అమాంతం పైకెక్కాయి. చేతులు విప్పిన కాపలా ఒక్కోసారి దొంగనూ దొరనూ ఒకేలా కొడుతుందని, నా మంచి కాలేయం మీద కూడా పడినట్టుందని డాక్టర్ రెహనా చెప్పింది. ఈవారం మందు ఎక్కించలేదు. అంకెలు దిగకపోతే కాపలాను నిద్రపుచ్చే మందు ఇవ్వాలట.

"వాటిని నిద్రపుచ్చితే చిన్నదాన్ని ఎవరు పట్టుకుంటారమ్మా?" అని అడిగాను.

ఆమె నా రక్తపరీక్ష కాగితం మడిచి పక్కన పెట్టింది. అందుకే ఒక వారం ఆగి చూస్తున్నానంది. ఇంకే మందులైనా వాడుతున్నారా అని అడిగింది. ఏ మందూ వాడటం లేదని చెప్పాను. మా ఆయన కూడా తల ఊపాడు.

నేను దిగాలుగా ఉన్నానని తెలిసి సాయంత్రం ఇంకా ఎక్కువమంది వచ్చారు. నీళ్లు తగ్గినా ఎవరూ గ్లాసు తగ్గించలేదు, వదినైతే చెంబే తెచ్చింది. ఇంత ప్రేమ ఉన్న ఊరిని వదిలి ఎలా పోతాననిపించి, చెంబు ఎత్తి తాగుతూ ఏడ్చాను. ఎవరూ చూడలేదు, చెంబు పెద్దది.

అశ్విని కార్తె

గాలి నైరుతి. నీళ్లు మూడు బిందెలు. ఇవాళ్టి సంగతి అంతా రాయాలి.

డాక్టర్ రెహనా నన్ను చూడ్డానికి తానే మా తెప్ప మీదకు వచ్చింది. కళ్లు చూసింది, పొట్ట నొక్కింది, అంకెలు ఇంకా దిగలేదని చెప్పింది. రేపు నిద్రపుచ్చే మందు మొదలుపెట్టాలంది. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో డాక్టరమ్మ మన తెప్ప ఎక్కి ఏమీ తాగకుండా పోతే పరువు ఏం కావాలని వదిన పరిగెత్తుకెళ్లి గ్లాసు తెచ్చింది. మా ఊరి పద్ధతులు ఆ పిల్లకు అప్పటికే తెలుసు, వద్దనలేదు. ఒక గుక్క వేసుకుంది. కళ్లనిండా నీళ్లొచ్చాయి. కష్టపడి మింగి, ఇదేమిటండీ అని అడిగింది. వదిన మహా గర్వంగా చెప్పింది, ఇది తిప్పతీగ చేదు అని, మరదలికి రోజూ రెండుపూటలా తానే పోస్తున్నానని.

డాక్టర్ రెహనా గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగింది. వేరే మందులు వాడటం లేదన్నారు కదా అంది.

"మందు కాదమ్మా, ఇది మర్యాద," అన్నాను.

"ఎన్ని గ్లాసుల మర్యాద?"

నేను లెక్క చెప్పలేకపోయాను. మా ఆయన లేచి, తిరిగి ఇవ్వడానికి కడిగి గుమ్మం పక్కన బోర్లించిన గ్లాసులు చూపించాడు. అవి ఆ ఒక్క పూటవి. ఆమె వాటిని ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టింది. వేటిలో ఏం వేస్తారని అడిగితే నాకు తెలిసినంత చెప్పాను. వేపాకు, నేల ఉసిరి, నాచు, ఇంకేవో వేళ్లు. తెలియనివి తెలిసినవాటికంటే ఎక్కువున్నాయి.

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఇవి ఏమీ చేయకపోవచ్చు," అంది. "కానీ మీ కాలేయం కిరణాల దెబ్బ తిని ఉంది. కొత్త మందును మోస్తోంది. దాని మీద నలభై ఇళ్లవాళ్లు నలభై రకాలు పోస్తున్నారు. ఇవాళ్టి నుంచి చుక్క కూడా ముట్టొద్దు. నిద్రపుచ్చే మందు నేను ఇంకో నాలుగు రోజులు ఆపుతాను. తప్పు ఈ చేదుదే అయితే అంకెలు దిగుతాయి."

నాకు ఒక పక్క ఆశ పుట్టింది. ఇంకోపక్క వదిన మొహం చూశాను. ఆవిడ తన గ్లాసు తీసుకుని, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా తన తెప్పకు వెళ్లిపోయి తడిక మూసుకుంది.

అదే కార్తె, నీళ్లు పంచిన రోజు

అంకెల కబురు రేపు. అంతకంటే ముందు ఊరికి చెప్పాలి.

నీళ్లు పంచే తెప్ప దగ్గర అందరూ బిందెలతో వరుసలో ఉన్నప్పుడు వెళ్లి నిలబడ్డాను. మీ చేదు నేనిక తాగను అని చెప్పడం కంటే తుఫానులో మునగడం సులువు. అయినా చెప్పాను. మీరు పోసిందంతా ప్రేమే, నా కాలేయం మాత్రం మోయలేకపోతోందని చెప్పాను. గరిటతో నీళ్లు కొలిచి పంచేవాడు సన్యాసి అని ఒకడున్నాడు, అతనికి కోపం వచ్చింది. వాళ్ల నాయనమ్మ చేదుతో మూడు తరాలు బతికాయని, ఓడవాళ్లకేం తెలుసని గొణిగాడు. మీ మూడు తరాల్లో ఎవరికైనా కిరణాలు కొట్టారా అని అడిగాను. లేదన్నాడు. అయితే గరిట తిప్పు అన్నాను.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. చేదు వద్దంటే, మరి జబ్బుమనిషి ఇంటికి ఏం పట్టుకుని వెళ్లాలి? ఊరంతా అదే బెంగ. ఒట్టి చేతులతో ఎలా వెళ్తామని ఆడవాళ్లు, అసలు వెళ్లకుండా ఎలా ఉంటామని మగవాళ్లు. ఎండుచేప అని ఒకరంటే అందరూ నవ్వారు, చేప నా ఇంటి కిందే తిరుగుతోంది. చివరకు సన్యాసే గరిట ఆపి, ఉత్త నీళ్లు తాగొచ్చా అడుగు అన్నాడు. ఓడకేసి అరిచి అడిగితే, కాచి చల్లార్చినవైతే ఎన్నైనా తాగమని డాక్టర్ రెహనా ఓడ మీదనుంచి కేక వేసి చెప్పింది.

మరిగించి సగానికి తగ్గించే పని లేదు కాబట్టి గ్లాసు బదులు చెంబులొచ్చాయి. సాయంత్రానికి మా ఇంట్లో గిన్నెలు చాలలేదు. నేను ఎంతని తాగను? మిగిలినవి ఎవరివి వాళ్లు తీసుకుపొండంటే ఇచ్చినవి తిరిగి తీసుకునేది లేదన్నారు. అప్పుడు మా ఆయన, తలంటుకో అన్నాడు. ఆ మాట విని నేను నోరు తెరిచాను. మంచినీళ్లతో తలంటు నాకు ఒక్క పెళ్లప్పుడే జరిగింది. పీట వేసి ఆయనే పోశాడు. ఉప్పు దిగిపోయి జుట్టు పట్టులా జారుతుంటే పక్క తెప్పలవాళ్లంతా వచ్చి చూశారు, పిల్లలు నా తల ముట్టుకుని వెళ్లారు. ఒలికిన నీళ్లు తొట్టెలో పట్టి అందరి కుండీలకూ పోశాం. కాలేయం సంగతి కాసేపు మరిచిపోయాను, ఇది నిజం.

వదిన మాత్రం రాలేదు. ఆవిడ తడిక తెరుచుకోలేదు.

భరణి కార్తె

గాలి నైరుతి, బలంగా. నీళ్లు మూడు బిందెలు. అంకెలు దిగాయి. మళ్లీ రాస్తాను, అంకెలు దిగాయి.

నిద్రపుచ్చే మందు అక్కర్లేదంది డాక్టర్ రెహనా. ఇంకో రెండు పరీక్షలు చూసి, ఇవాళ మందు మళ్లీ ఎక్కించింది. సూది గుచ్చేటప్పుడు నేను నవ్వుతుంటే ఇలా నవ్వేవాళ్లను చూడలేదంది. చిన్నదాని మీద ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దని, బొమ్మ తీస్తే గానీ తెలియదని కూడా అంది. ఆ మాట నేను సగమే విన్నాను.

ఓడ దిగి నేరుగా వదిన తెప్పకు వెళ్లాను. తడిక కొట్టాను. పలకలేదు. నేను గుల్లలు గీకేదాన్ని, ఊడబెరకడం నాకో పనా? తడిక పక్కకు లాగి లోపలికి వెళ్లాను. ఆవిడ మూలకు కూర్చుని ఉంది. చిక్కిపోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ తన వాటా నీళ్లు నాకు కాచి పోసి ఆవిడ నాలుక తడుపుకుని బతికింది, తడిక మూసుకున్నాక కూడా సరిగా తాగినట్టు లేదు.

"నా సేత్తోనే నిన్ను సంపీసీదాన్ని," అంది. "రోజూ రెండుపూట్లా పోసేను. ఎవులు పోసినా ఇంత సిక్కగా పొయ్యనేదు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందు వచ్చింది.

"నీకంత సీన్ లేదు వదినా. నలభై ఇళ్లవాళ్లు పోశారు, నువ్వొక్కదానివే సంపడానికి నువ్వేమైనా మహారాణివా? అందర్నీ వదిలేసి నీకే పేరు కట్టబెడతానా?"

ఆవిడ తల ఎత్తింది. నా మొహం పట్టుకుని వెలుతురుకేసి తిప్పింది. తర్వాత, నా కళ్లలో పచ్చదనం తగ్గిందని, జుట్టు ఎందుకు అంత నున్నగా ఉందని అడిగింది. మంచినీళ్లతో తలంటుకున్నానన్నాను. ఊరి నీళ్లన్నీ నెత్తిన పోసుకున్నావా సిగ్గులేదా అని తిట్టడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆవిడ వాటా బిందె తెచ్చి ముందు పెట్టి, తాగేదాకా ఎదురుగా కూర్చున్నాను, ఎలా కూర్చోవాలో ఈ ఊళ్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు. తాగింది. కొంగుతో మూతి తుడిచాను. చెయ్యి తోసేసింది కానీ గట్టిగా తోయలేదు.

రోహిణి కార్తె

గాలి లేదు. ఎండ మాడ్చేస్తోంది. నీళ్లు రెండు బిందెలే. ఎవరూ సణగడం లేదు, అందరి కళ్లూ ఓడ మీదే ఉన్నాయి.

ఇవాళ బొమ్మ తీశారు. మా ఆయన, వదిన ఇద్దరూ వచ్చారు. ముగ్గురమూ గోడకు అంటించినట్టు ఒక బల్ల మీద కూర్చున్నాం. వదిన నా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు తెలియకుండా ఉండాలని పైన కొంగు కప్పింది. చిన్నది పెరిగి ఉంటే ఇన్ని రోజుల పాట్లూ దేనికనే ఆలోచన ఒకటే నా తలలో తిరిగింది.

డాక్టర్ రెహనా పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టింది. పెద్దది సగానికి పైగా ముడుచుకుపోయి, నాళం చుట్టూ ఎండిన పీచులా ఉంది. అది కిరణాల పనితనం, అంతమేరకు ఊహించిందే అంది. తర్వాత వేలు అవతలి చివరకు జరిపింది. పాత బొమ్మలో అక్కడ చుక్క ఉంది. కొత్త బొమ్మలో ఏమీ లేదు.

"చిన్నది ఎక్కడమ్మా?" అన్నాను.

"లేదు కాసులమ్మ గారూ. దాని మీద ఒక్క కిరణం కూడా పడలేదు. మీ కాపలావాళ్లే వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్నారు."

ఆ కబురు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశానో, వచ్చినప్పుడు ఏం చేయాలో మాత్రం ఆలోచించుకోలేదు. వదినే ముందుకు వంగి బొమ్మకు మొహం ఆనించి చూసింది.

"సరిగ్గా సూడు తల్లీ," అంది డాక్టర్‌తో. "నా మరదలు లోపల ఏదైనా దాసీగలదు."

డాక్టర్ రెహనా పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇంకా మందు ఎక్కించాల్సింది ఉందని, ప్రతి కొన్ని నెలలకూ చూస్తూ ఉండాలని, పెద్దదానిలో మిగిలిన పీచు బతికే ఉందో చచ్చిందో కాలం మీద తెలుస్తుందని చెప్పింది. అన్నిటికీ తల ఊపాను. మా ఆయన లేచి బయటకు వెళ్లి ఓడ అంచున నిలబడ్డాడు. కింద తెప్పలన్నిటి మీదా జనం ఎదురుచూస్తున్నారు. ఏమైందని సన్యాసి కేకేశాడు.

అంతా బాగుందని చెప్పాడు మా ఆయన. ఇన్నేళ్లలో ఆ మాట విని నాకు ఒళ్లు పులకరించడం ఇదే మొదలు. ఊరు ఊరంతా అరిచింది, తెప్పలు ఊగాయి.

మృగశిర కార్తె

వాన పడింది. తొలివాన. నీళ్లు ఎవరూ పంచలేదు, ఎవరికి కావాలంటే వాళ్లు పైకి చూసి పట్టుకున్నారు.

ఆస్పత్రి ఓడ లంగరెత్తే ముందు డాక్టర్ రెహనా నాకు మునగడానికి అనుమతి ఇచ్చింది. మెల్లగా మొదలుపెట్టమంది, ఎక్కువసేపు వద్దంది. మిగిలిన మందు అవతలి ఊళ్లో ఆగే ఓడలో ఎక్కిస్తారు, మా ఆయనకు తేదీలన్నీ అప్పజెప్పింది.

ఎవరి తెప్ప ముందు అని ఊళ్లో వంతులు వేసుకుంటుంటే నేను ఎవరికీ చెప్పకుండా వదిన తెప్ప కిందకు వెళ్లాను. నెలల తరబడి గీకేవాళ్లు లేక పీపాలు గుల్లలతో గడ్డకట్టి ఉన్నాయి. వాన నీటి పైన కురుస్తుంటే కిందనుంచి ఆ చప్పుడు వేరేగా ఉంటుంది, చల్లగా, దగ్గరగా. చిప్ప ఆడించాను. చేతులు మరిచిపోలేదు. మొదటి పీపా అయ్యింది, రెండోది అయ్యింది. డొక్కలో నొప్పి లేదు. ఛాతీ నిండా ఊపిరి ఉంది. పైకి రావాలని అనిపించలేదు, పని మిగిలి కాదు, ఆ సంతోషం కోసం.

పైన ఎవరో తెడ్డుతో తెప్పను బాదుతున్నారు. తల పైకెత్తేసరికి వదిన వానలో నిలువునా తడిసి, తెప్ప అంచున బోర్లా పడుకుని నీళ్లలోకి చూస్తోంది. చీర సగం నీళ్లలో ఉంది.

"ఎంతసేపే," అంది. "ఇంకాస్సేపు రాకపోతే నాను దూకీసీదాన్ని."

నీకు ఈత రాదు కదా అన్నాను. సముద్రం మీద పుట్టి ఈత నేర్వని మనిషి మా ఊళ్లో ఆవిడ ఒక్కతే. రాదు అంది.

నేను అంచు పట్టుకుని ఆవిడ దగ్గరకు జరిగాను. ఆవిడ నా నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. తర్వాత, మూలపీపా కూడా వదలొద్దు, అటువైపు ఇల్లు ఒరుగుతోంది అని పని చెప్పింది.

ఊపిరి నిండా పీల్చి మళ్లీ మునిగాను.